తంగేడు కాని పువ్వు

అరబ్బు దేశపు సోహార్‌లో మా తెలంగాణ ఆడవాళ్ల బతుకమ్మకు పెద్దదిక్కు సులోచనక్క. ఊరి బయట వాగు ఇసుకలో నేను కోసుకొచ్చిన పసుపు పూలను చూడగానే ఆమె మొహం చిట్లించింది.

"ఇది తంగేడేనా, లాస్యా? కాకుంటే పక్కకు పెట్టు. హైదరాబాద్ నుంచి ప్లాస్టిక్ తంగేడు తెప్పించిన."

"తంగేడే అను. ఎవలకు తెలుస్తది?" అని మా ఆయన నా చెవిలో గొణిగాడు.

నాకు ఒళ్లు మండింది. పువ్వుకు దొంగపేరు పెట్టి పండుగలో కూర్చోబెట్టాలా? పూలతోపాటు తెంపుకొచ్చిన కాయను అందరి ముందూ పైకెత్తాను.

"తంగేడు కాదక్కా. తంగేడు మనిషెత్తు పొద, ఇది నేలబారున పాకుతది. తంగేడు కాయ తిన్నగ ఉంటది, ఇది కొడవలి లెక్క వంగింది, నడుమ గట్టు కూడ ఉన్నది. తంగేడుకు చెల్లె వరస. ఈడోళ్లు ఇష్రిక్ అంటరు."

"కాదని నువ్వే అంటున్నవు గదా! మరి తీసెయ్," అంది సులోచనక్క, గెలిచినట్టుగా.

నేను తీయలేదు. ఆమె అందించిన ప్లాస్టిక్ పూలను తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టేసి, ఇష్రిక్ పూలను బతుకమ్మ పైవరసలో, గౌరమ్మను ఆనుకునేలా పేర్చాను.

"సోహార్ కూడ వరంగల్ కాదక్కా. ఈ ఎండల, ఈ ఇసుకల, నీళ్లు పోసేటోళ్లు లేకుండనే బతికింది ఈ పువ్వు. దీని పేరుతోనే ఇది ఈడ కూసుంటది. ఎన్నడూ బతకని పూలతోటి బతుకమ్మ ఏంది?"