చెయ్యెత్తితే ఆగే బండి

మా అత్తయ్య కుడికాలు ఆవిడ మాట వినదు. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యెత్తారంటే చాలు, ఆవిడ ఏ కబుర్లో ఉన్నా, ఎంత తొందరలో ఉన్నా, ఆ కాలు దానంతటదే వెళ్లి బ్రేకు మీద కూర్చుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు టాక్సీ తోలిన కాలు మరి, దాని పెత్తనం దానిది.

చిక్కల్లా ఏమిటంటే ఈ ఊళ్లో ఇప్పుడు చెయ్యెత్తేవాళ్లే లేరు. కార్లన్నిటినీ ఊరి ట్రాఫిక్ కేంద్రం నడుపుతుంది. వాటిలో స్టీరింగు ఉండదు, డ్రైవరు ఉండడు, కిటికీ అద్దం దిగదు. ఎక్కి దారి కార్డు గీకితే ఐదు చోట్ల పేర్లు వస్తాయి, ఒకటి నొక్కాలి. ఐదే. మనిషన్నవాడికి అంతకంటే ఎక్కువ చోట్లతో పనేముందని కేంద్రం ఎప్పుడో తేల్చేసింది. ఇల్లు, పని, ఆస్పత్రి, సరుకుల కొట్టు, ఐదోది మన ఇష్టం. నా ఐదోది ఈతకొలను. మా ఆయన ఐదోది ఒక పళ్ల డాక్టరు, ఆ డాక్టరు దుకాణం సర్దేసి కూడా చాలా కాలమైంది. మార్చమని అర్జీ పెట్టి పద్నాలుగు నెలలైంది, అడిగినప్పుడల్లా పరిశీలనలో ఉందంటారు. పోనీ నడిచి వెళ్దామా అంటే ఎటు చూసినా ఎనిమిది వరసల రోడ్లు, మనిషి దాటడానికి సందు లేదు.

కార్డు అడగని బండి ఊరు మొత్తానికి ఒక్కటే మిగిలింది, అది మా అత్తయ్యది. పసుపు రంగు, వెనక డోరు కాస్త సొట్ట, మూడో గేరు వేసినప్పుడు చిన్నగా సణుగుతుంది. రోజుకి నలుగురో ఐదుగురో పాతవాళ్లు ఎక్కుతారు. మిగతా జనం దాన్ని చూసి ఏదో మ్యూజియానికి తరలిస్తున్నారని అనుకుంటారు. దాన్ని ఎలా పిలవాలో కూడా ఎవరికీ గుర్తులేదు.

అలాంటి బండికి పర్మిట్ పరీక్ష అని కాగితం వచ్చింది. కేంద్రం ఊరి పటం మీద ఒక గీత గీసి ఇస్తుంది, ఆ గీత మీదే యంత్రం నడిపినట్టు నడపాలి. గీత తప్పినా, చెప్పని చోట ఆగినా పర్మిట్ అక్కడికక్కడే రద్దు, బండి అదే రోజు తుక్కుకి. తీరా చూస్తే ఆ గీత పెద్ద కూడలి మీదుగా వెళ్తోంది, పెద్ద కూడలిలో విగ్రహం ఉంది.

ఆ విగ్రహం పాతకాలం ట్రాఫిక్ పోలీసుది. చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. అత్తయ్య రోజుకి నాలుగుసార్లు అటు వెళ్తుంది, నాలుగుసార్లూ ఆయన్ని ఎక్కించుకోబోతుంది.

అందుకని పదకొండు రోజులు మా హాల్లో శిక్షణ పెట్టాను. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ల దగ్గర రెండు ఇటుకలు పెట్టాను, ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలేటరు. నేను టీవీ పక్కన చెయ్యెత్తి రాయిలా నిలబడేదాన్ని. కాలు కదిలిందంటే మళ్లీ మొదటి నుంచి. మూడో రోజు మా ఆయన పని నుంచి వచ్చి, పెళ్లాం చెయ్యెత్తి నిలబడి ఉండటం, తల్లి ఇటుక తొక్కుతూ ఉండటం చూసి, తిన్నగా వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకున్నాడు. పదకొండో రోజుకి నేను రెండు చేతులెత్తినా ఆ కాలు యాక్సిలేటరు ఇటుక మీంచి కదల్లేదు. ఆవిడ నాకంటే మొండిదని ఆ రోజే నాకు అర్థమైంది.

పరీక్షకి ఇంటి తరఫున ఒక సాక్షి ముందు సీట్లో కూర్చోవచ్చు. కాకపోతే బండిలో ఉన్నంతసేపూ సాక్షి నోరు తెరవకూడదు, తెరిస్తే పరీక్ష రద్దు. ఇది విని మా ఆయన అన్న మాట: "అమ్మ సంగతి సరే, నువ్వు పాసవుతావా?"

ఉదయం పదింటికి కేంద్రం గేటు దగ్గర మొదలుపెట్టాం. పన్నెండింటికల్లా అయిపోవాలి. వెనక సీట్లో ఇన్‌స్పెక్టరమ్మ కేంద్రం ఇచ్చిన తెర పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. యాభై లోపు మనిషి, జుట్టు బిగించి కట్టుకుంది, మొహంలో నవ్వుగానీ కోపంగానీ లేవు. మా వెనక ముప్ఫై అడుగుల దూరంలో తుక్కు లారీ. దాన్నీ కేంద్రమే నడుపుతుంది. పరీక్ష పోగానే బండిని కొక్కేనికి తగిలించుకుని పోవడానికి ముందే బయల్దేరింది, విందుకి వేళకంటే ముందొచ్చిన చుట్టంలా.

అత్తయ్య ఎంత బాగా నడిపిందని. గీత మీద నుంచి వెంట్రుకంత కూడా పక్కకి పోలేదు. మూడో గేరు కూడా సణగలేదు. పదకొండు కావస్తుండగా పెద్ద కూడలి వచ్చింది. నేను విగ్రహం వైపు చూడలేదు, ఆవిడ కాలు వైపే చూశాను. పాదం కొంచెం వణికింది. అంతే. విగ్రహం దాటిపోయింది. అత్తయ్య నా వైపు ఓరకంట చూసి కనుబొమ్మ ఎగరేసింది. నేను అరవకుండా ఉండటానికి సీటు బెల్టు కొరికాను.

సరిగ్గా నాలుగు బిల్డింగులు దాటాక బండి ఆగింది.

సొగసుగా, మెత్తగా, పేవ్‌మెంటుకి జానెడు దూరంలో, ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవంతో ఆగింది. పేవ్‌మెంటు మీద ఒక లిఫ్ట్ మెకానిక్ ఉన్నాడు. పొద్దున్నుంచీ లిఫ్టు గుంటలో ముడుచుకుని పనిచేసి, అప్పుడే బయటికొచ్చి ఒళ్లు విరుచుకుంటున్నాడు. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి ఆకాశంలో. ఆ చెయ్యి విగ్రహం చెయ్యిలా ఊరుకోలేదు, ఊగింది. నేను పదకొండు రోజులూ రాయిలాగే నిలబడ్డాను గానీ ఒక్కరోజైనా చెయ్యి ఊపలేదు. తప్పు నాదే.

అత్తయ్య తన కాలు వైపు చూసుకుంది, పరాయివాళ్ల కాలు చూసినట్టు. వెనక తుక్కు లారీ నెత్తిన పసుపు లైటు వెలిగింది, కొక్కెం కిర్రుమని కిందికి దిగడం మొదలైంది. నాకు కళ్లల్లో నీళ్లు, నోట్లో సీటు బెల్టు.

ఇన్‌స్పెక్టరమ్మ పలక చూసింది. చెప్పని చోట ఆగారు, కారణం ఏమిటని పలక అడుగుతోందట. ఒక్కొక్కటే చదివింది. జంతువు అడ్డొచ్చెనా? రాయి? పొగ? వరద నీరు? అన్నిటికీ అత్తయ్య కాదనే తల ఊపింది. చిన్న అబద్ధం ఆడితే ఏం పోయిందని నా ప్రాణం కొట్టుకుంది, ఆవిడ అబద్ధమాడే రకం కాదు.

అప్పుడు వెనక డోరు తెరుచుకుంది. మెకానిక్ వంగి లోపలికి చూసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఇన్‌స్పెక్టరమ్మ పక్కన ఒద్దికగా కూర్చున్నాడు. ఎందుకెక్కారని ఆవిడ అడిగితే, బండి నా దగ్గరే ఆగింది కదండీ, ఎక్కమనేమో అనుకున్నాను అన్నాడు. ఈ ఊళ్లో తన కోసం ఏ బండైనా ఆగడం అతనికి జన్మలో అదే మొదటిసారట.

ఇన్‌స్పెక్టరమ్మ అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత వేలితో పలక మీద కారణాల పట్టీ అడుగుదాకా జరిపింది, ఎవరూ ఎప్పుడూ చూడనంత అడుగుకి. మనుషులు తోలే టాక్సీలు మూడొందలు తిరిగిన రోజుల్లో రాసి, తీసెయ్యడం మర్చిపోయిన వరస ఒకటి అక్కడ ఉంది. ప్రయాణికుడు ఎక్కెను.

"మీరు ఎక్కారా?" అని అడిగింది.

"ఎక్కినట్టే ఉన్నానండి," అన్నాడతను.

నొక్కింది. కొక్కెం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పలక మీద పాతకాలం భాషలో ఇంకో ముక్క వచ్చింది, ఆవిడ పైకే చదివింది: ప్రయాణికుని అతడు కోరిన చోట దింపి, పరీక్ష వేళ ముగియులోగా అతని వేలిముద్ర తీసుకొనవలెను. అప్పటికి టైము పదకొండూ ఎనిమిది.

అత్తయ్య అద్దం సర్దుకుని, రోజూ అడిగే మాటే అడిగింది. "ఎక్కడికి బాబూ?"

అతను జేబులో దారి కార్డు వెతుక్కోబోయాడు. అక్కర్లేదంది అత్తయ్య. అంటే ఈ ఐదు చోట్లే కాకుండా వేరే చోటికైనా వెళ్లొచ్చా అన్నాడు. రోడ్డుండాలి అంతే అంది.  అతను జేబులోంచి చెయ్యి తీసేసి, మా అక్క దగ్గరికి అన్నాడు.

అక్క ఇల్లు మారి పదకొండేళ్లైంది. కొత్త ఇల్లు అతని కార్డులో లేదు, ఇతని ఇల్లు ఆమె కార్డులో లేదు. అర్జీలు ఇద్దరివీ పరిశీలనలోనే ఉన్నాయి. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు, మొహాలు చూసుకుంటారు, కానీ ఆ ఇంటి గుమ్మం అతను తొక్కలేదు. నంబరు చెప్పమంటే తెలియదన్నాడు. కింద గొడుగులు బాగుచేసే కొట్టుందని, కిటికీలోంచి నీలం రంగు నీళ్ల ట్యాంకు కనిపిస్తుందని అక్క చెబుతుంటుందట.

యంత్రమైతే ఇక్కడే చేతులెత్తేసేది. అత్తయ్య మాత్రం, ఆ కొట్టు ముందు రోడ్డు పల్లంగా ఉంటుందా, వాన పడితే నీళ్లు నిలుస్తాయా అని అడిగింది. అవునండీ, అందుకే గొడుగుల కొట్టు అక్కడ బాగా నడుస్తుందని అక్క అంటుంది అన్నాడు. అయితే తెలుసు అని గేరు మార్చింది. మూడో గేరు హాయిగా సణిగింది.

కేంద్రం కార్లు వెళ్లే రోడ్డైతే గంట. అత్తయ్య పట్టిన దారుల్లో కొన్ని నేను పుట్టాక ఎవరైనా వాడారో లేదో. బట్టలారేసిన తాళ్ల కింద నుంచి, గోదాముల వెనక నుంచి, ఒక బడి గోడ పక్క నుంచి. కిటికీలన్నీ దించేశాం. బడి పిల్లలు గోడెక్కి, కార్లో మనిషి చెయ్యి బయట పెట్టడం చూసి వింతగా చూశారు. మెకానిక్ ఆపకుండా మాట్లాడుతున్నాడు, చిన్నప్పుడు అక్క తన జుట్టు ఎలా కత్తిరించి పాడుచేసిందో దగ్గర్నుంచి. ఇన్‌స్పెక్టరమ్మ జుట్టు గాలికి ఊడిపోయింది, ఆవిడ మళ్లీ కట్టుకోలేదు. వెనక తుక్కు లారీ సందుల్లో ఇరుక్కుంటూ, వెనక్కి తీసుకుంటూ, పాపం, వస్తూనే ఉంది.

పదకొండూ నలభై నాలుగుకి గొడుగుల కొట్టు. ఎదురు మేడ మీద నీలం ట్యాంకు. బండి పూర్తిగా ఆగకముందే మెకానిక్ దూకేసి మెట్లెక్కి మాయమైపోయాడు. వేలిముద్ర వెయ్యలేదు.

బండిలో ఉన్నంతసేపే సాక్షి నోరు తెరవకూడదు. నేను బండి దిగాను. గంటా నలభై నిమిషాలుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి, అరుస్తూనే మూడంతస్తులు ఎక్కాను. పైన కుట్టుమిషను ముందు అక్క నిలబడి ఉంది, మెడలో టేపు, తమ్ముడి రెండు చెవులూ ఆవిడ చేతుల్లో.

"ఏరా, ఇన్నేళ్లకి వచ్చి, వచ్చే ముందు ఒక్క ఫోనైనా చెయ్యాలని తెలీదూ? మొహం కూడా కడుక్కోలేదు," అంటూ ఏడుస్తోంది. అతను నవ్వుతున్నాడు.

నేను పర్మిట్, తుక్కు లారీ, వేలిముద్ర, పన్నెండు, విగ్రహం, ఇటుకలు అని ఏదేదో చెప్పాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆవిడ కిటికీలోంచి కిందికి చూసి, పసుపు బండిని చూసి, మళ్లీ నెమ్మదిగా చెప్పమంది. చెప్పాను. అంతా విని తీరిగ్గా అంది. "నన్ను ఆ బండెక్కించండి, అప్పుడు వేస్తాడు వేలిముద్ర. ముందు వేసేస్తే మీరు వెళ్లిపోతారు, మళ్లీ నాకు దొరకరు."

ఎంత మొత్తుకున్నా వినలేదు. తలుపుకి తాళం పెట్టి, సగం మెట్లు దిగాక కిటికీ మూయలేదని మళ్లీ పైకెళ్లి, చివరికి దిగేసరికి పదకొండూ యాభై నాలుగు. వెనక సీట్లో తమ్ముడికీ ఇన్‌స్పెక్టరమ్మకీ మధ్య సర్దుకుని కూర్చుంది. నిజంగా ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తారా అని అత్తయ్యని అడిగింది. తీసుకెళ్తాను గానీ ముందు ఆ వేలు సంగతి చూడమ్మా అంది అత్తయ్య.

వేలి మీద లిఫ్టు గ్రీజు. పలక ఒప్పుకోలేదు. ప్యాంటుకి తుడిచి మళ్లీ పెట్టాడు, ఒప్పుకోలేదు. పదకొండూ యాభై ఏడు. అద్దంలో తుక్కు లారీ కొక్కెం ఇంకో మూరెడు దిగింది. నేను మళ్లీ బండిలో ఉన్నాను కాబట్టి మళ్లీ మూగదాన్ని, రెండు చేతులతో నోరు మూసుకున్నాను. అప్పుడు అక్క తన మిషను పనికి వాడే గుడ్డముక్క తీసి, దాని కొసని నాలుకతో తడిపి, తమ్ముడి బొటనవేలు పట్టుకుని, ముక్కు కారుతున్న పసివాడి మొహం తుడిచినట్టు గట్టిగా రుద్దింది. నలభై ఏళ్ల మనిషి నొప్పి నొప్పి అన్నాడు. కదలకు అంది.

పలక టింగుమంది. ఇన్‌స్పెక్టరమ్మ చదివింది. పర్మిట్ మూడేళ్లకు పొడిగింపు. కొక్కెం పైకి లేచింది, పసుపు లైటు ఆరిపోయింది, తుక్కు లారీ ఆ సన్నటి సందులో ముందుకీ వెనక్కీ తొమ్మిదిసార్లు కదిలి, తిరిగి, ఖాళీగా వెళ్లిపోయింది.

అత్తయ్య స్టీరింగు మీద తల ఆన్చింది. వంగి కుడికాలిని నిమిరింది. పరీక్ష అయిపోయింది కదా, నేనిక మాట్లాడొచ్చా అని ఇన్‌స్పెక్టరమ్మ వైపు చేత్తో సైగ చేశాను. ఆవిడ తల ఊపింది. తీరా చూస్తే నాకు మాట రాలేదు, అత్తయ్యని పట్టుకుని ఊపేశాను.

అక్కకి నీళ్లు చూడాలని ఉందట. ట్యాంకులో నీళ్లు కాదు, పారే నీళ్లు. ఏరు ఉన్నది ఊరికి అటు చివర, ఎవరి కార్డులోనూ ఉండదు. మేడమ్‌ని ముందు ఆఫీసు దగ్గర దింపుతానంది అత్తయ్య. ఇన్‌స్పెక్టరమ్మ పలక ఆపి సంచీలో పెట్టేసింది. ఆఫీసు నా ఐదు చోట్లలో ఎలాగూ ఉంది, రేపు కూడా ఉంటుంది అంది. అది ఆవిడ వేసిన మొదటి జోకని మాకు తెలియడానికి కొంచెం టైము పట్టింది.

ఐదుగురం ఇరుక్కుని, కిటికీలు దించుకుని, ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడకుండా అందరం ఒకేసారి మాట్లాడుకుంటూ బయల్దేరాం. పెద్ద కూడలి వచ్చింది. ఎండలో విగ్రహం పోలీసు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. అత్తయ్య కాలు బ్రేకు మీదికి వెళ్లింది, బండి నెమ్మదించింది. 

వెనక నుంచి ఇన్‌స్పెక్టరమ్మే అంది. "ఈయన్ని మాత్రం వచ్చేటప్పుడు ఎక్కించుకుందాం. ఇప్పుడు చోటు లేదు."