రుబ్బురోలు దగ్గర చెప్పిన మాట

నిరుడు ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. గారెలు, పరమాన్నం, అరటికాయ కూర, కంద వేపుడు, అల్లప్పచ్చడి, నువ్వుండలు. మామగారి ఆబ్దికం. భోక్తలు లేచి, ఇంట్లోవాళ్ళందరూ తిని, చివరికి నాగవల్లి వంతు వచ్చేసరికి మూడున్నర దాటింది. కూర్చోలేక వంటింటి గోడకి ఆనుకుని నిలబడే రెండు గారెలు తింది. తింటూండగా కాళ్ళ కింద నేల తడిసింది. కిందికి చూసేదాకా అది తన ఒంట్లోంచి వచ్చిందని ఆమెకి తెలియలేదు. చీరకొంగుతో తుడిచేసి, స్నానం చేసి, మళ్ళీ మడి కట్టుకుని గిన్నెలు సర్దింది.

నొప్పి అంతకు మూణ్ణెల్ల ముందు మొదలైంది. నడుం నుంచి ఎడమ పిక్క దాకా కాల్చినట్టుండేది. అమలాపురంలో డాక్టరమ్మ స్కానింగు చూసి నవ్వుతూ అడిగింది.

“బూరెని బొటనవేలితో గట్టిగా నొక్కితే ఏమవుతుందండీ?”

“పైపొర చిరిగి పూర్ణం బయటికొస్తుందండి.”

“ఆయ్, మీకూ అదే అయింది. వెన్నులో ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి డిస్కు ఉంటుంది. నడుం దగ్గర ఒకటి చిరిగి, లోపలి గుజ్జు బయటికొచ్చి కాలికెళ్ళే నరాన్ని నొక్కుతోంది. అందుకే దెబ్బ నడుంలో ఉంటే మంట పిక్కలో తెలుస్తోంది.”

“ఆపరేషనా అండీ?”

“చాలామందికి అక్కర్లేదమ్మా. వంగడం, బరువులెత్తడం మానేస్తే కొన్నాళ్ళకి ఒళ్ళే ఆ గుజ్జుని మెల్లిగా పీల్చేసుకుంటుంది. కానీ కూర్చునే చోట తిమ్మిరెక్కినా, ఒంటికి వెళ్ళింది తెలియకపోయినా, పాదం లేవకపోయినా ఆ పూటే వచ్చెయ్యాలి. తెల్లారనిద్దాం అనుకోకండి.” పక్కనే ఉన్న భర్త గౌరీశంకరం గారు తల ఊపేరు.

ఒళ్ళే పీల్చేసుకుంటుందన్న మాట నాగవల్లికి ఎంతో నచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఒంటి చేత ఇంటిపని చేయించడమే గాని, అది ఎవరూ చెప్పకుండా తనకోసం ఒక పని చేసిపెడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. తోడబుట్టినవాళ్ళెవరో చాటుగా సాయం చేస్తున్నట్టనిపించింది. దానికి కాస్త ఎడం ఇస్తే చాలు. ఆ ఎడమే ఆ ఇంట్లో దొరకలేదు. నూతినీళ్ళు తోడలేనంటే “పంపునీళ్ళు మడికెలా పనికొస్తాయే?” అన్నారు అత్తగారు శ్యామలాంబ. “పోనీ చిన్న బిందెతో తెచ్చుకో” అని భర్త తేలిగ్గా దారి చూపించేరు. చిన్న బిందె అంటే నూతి దగ్గర రెండుసార్లు వంగేది నాలుగుసార్లు వంగడం. కాలేజీలో సంస్కృతం చెప్పే మనిషికి ఆ లెక్క తట్టలేదు. “నిలబడి పాఠం చెప్పే నాకు మాత్రం లేదా నడుంనొప్పి? చెప్పుకుంటున్నానా?” అన్నారు పైగా.

ఆబ్దికానికి రెండు రోజుల ముందు, ఆదివారం పొద్దున్న, పెరట్లో రుబ్బురోలు కడుగుతూ నాగవల్లి ఆ మాట చెప్పింది. ఆబ్దికం పప్పు మిక్సీలో వెయ్యకూడదు. ఆయన వసారాలో దర్భలు ఏరుకుంటున్నారు. అత్తగారు జపం చేసుకుంటున్నారు. ఎలా చెప్పాలో తెలియక గొంతు తగ్గించింది. “ఏవండీ, కూర్చునే చోట తిమ్మిరిగా ఉంది. ఒంటికి వెళ్ళినా తెలియడం లేదు.”

దర్భల మీద ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. “ఎల్లుండే కదే ఆబ్దికం. భోక్తలకి చెప్పేసేను. మూడ్రోజులు ఓపిక పట్టు. బుధవారం పొద్దున్నే నేనే తీసుకెళ్తాను.”

అన్న ప్రకారం బుధవారం పొద్దున్నే తీసుకెళ్ళేరు. “ఎప్పట్నుంచి?” అని డాక్టరమ్మ అడిగితే, నాగవల్లి నోరు తెరిచేలోపు ఆయనే “నిన్న రాత్రినుంచండీ” అన్నారు. ఆవిడ అదే కాగితం మీద రాసి, ఆ గంటలోనే కాకినాడ పంపించింది. ఆపరేషన్ అయింది. మంట పోయింది. ఎడమ పాదం మాత్రం లేవలేదు. పూటపూటకీ తనే గొట్టం పెట్టుకుని ఒంటికి వెళ్ళడం నేర్చుకుంది.

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆయన ఒకటే మాట. “నోరు విప్పి చెబితే ఆ పూటే కారు మాట్లాడేవాణ్ణి. దాని ఓర్పే దాన్ని ముంచింది.” వాళ్ళు “ఎంత ఓర్పమ్మా!” అని ఆమె చెయ్యి పట్టుకునేవారు. వినగా వినగా నాగవల్లికే అనుమానం వచ్చింది. నేను నిజంగా చెప్పేనా? మనసులో అనుకుని చెప్పేననుకున్నానా? పాదం పోయినందుకన్నా తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయినందుకు ఎక్కువ ఏడ్చింది.

ఈ యేడు ఆ తిథి జనవరి ముప్పై ఒకటిన వచ్చింది. అమలాపురం నుంచి వంటాయన వచ్చేడు. పంపునీళ్ళతో వండేడు. పప్పు మిక్సీలో వేసేడు. “గారెలు మెత్తగా ఉన్నాయండీ” అని భోక్తలు మళ్ళీ వేయించుకున్నారు. అత్తగారూ రెండు తిన్నారు. నాగవల్లి గారె తుంచి, చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఇంతేనా? ఇంత తేలికా?

సాయంత్రం, కొత్తపేట నుంచి వచ్చిన ఆడపడుచు రాజ్యలక్ష్మి పాదం వాలిపోకుండా ఆమె కాలికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ చూసి కళ్ళొత్తుకుంది. “నిరుడు ఈ వేళకి ఇల్లంతా నువ్వే తిరిగేవు కదా వదినా.”

గౌరీశంకరం గారు నిట్టూర్చేరు. “ఏం చెయ్యను రాజ్యం! నోరు విప్పి ఒక్కమాట...”

“చెప్పేనండీ” అంది నాగవల్లి.

“ఏవిటి?”

“ఆదివారం పొద్దున్న. రుబ్బురోలు కడుగుతూ. మీరు దర్భలు ఏరుకుంటున్నారు.”

ఆయన చెల్లెలి వంక చూసేరు. “ఆ మందులు అలాంటివి. ఏదో భ్రమ...”

తులసిపూసలు తిప్పుతున్న శ్యామలాంబ చెయ్యి ఆగింది. “భ్రమ కాదురా. చెప్పింది. నేను విన్నాను.” తలెత్తకుండానే అన్నారు. “విని కూడా, రోలు శుభ్రంగా కడగవే అన్నాను.”

నాగవల్లికి ఏడుపు రాలేదు. నా మతి పోలేదు, అనుకుంది. ఏడాదిగా ఆమెకి దొరికిన సుఖం అదొక్కటే.

ఎనిమిదింటికి అత్తగారు చెంబుతో మంచినీళ్ళు తెచ్చేరు. ఎప్పట్లా గడప దగ్గర పెట్టకుండా ఆమె చేతికే ఇచ్చి, ఆ చేతిని కాసేపు వదల్లేదు. ఆవిడ వెళ్ళేక గుమ్మంలో ఆయన కనిపించేరు. “రాజ్యం ముందు అలా అనాలా నాగా?”

“సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నానండీ. ఆ కాగితంలో ఆదివారం అని రాయించాలి.”

“...నేను తీసుకెళ్తాలే.”

“ఆటోలో వెళ్తానండీ. ఈసారి నేనే చెప్పాలి.”

ఆయన గుమ్మంలోంచి ఒకడుగు వెనక్కి వేసేరు. నాగవల్లి మంచం పట్టుకుని లేచి, ఎడమ పాదం ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.