నీడకి వంతులు

ఎలీసమ్మ కర్ర ఎత్తి దించింది. పీచు కోసం కాలవలో నానేసిన కొబ్బరి డొక్క చితికి నల్లనీళ్ళు మొహాన చిమ్మేయి. తుడుచుకోలేదు. ఎన్నిసార్లని తుడుచుకుంటాం!

ముక్తేశ్వరంలో సుబ్బరాజుగారి పీచు దొడ్డిలో ఆమె పెళ్ళయిన కొత్తలో చేరింది. అరచేతులు ఎండు డొక్కల్లాగే గట్టిపడ్డాయి. మొగుడు మత్తయిని మట్టి చేసిన మూడోనాడే మళ్ళీ కర్ర పట్టింది. ఇన్నేళ్ళూ ఎండనొక్క మాట అనలేదు మహాతల్లి. అందరి నెత్తినా అదే ఎండ కదా.

ఈ వేసంగిలో అల్లవరం నించి కొత్త ఆడకూలీల్ని తెచ్చేరు. ఎండకి పారిపోతారేమోనని రాజుగారు వాళ్ళ మట్టుకి తాటాకు పందిరి వేయించేరు. అంతే! పాత ఎండే ఎలీసమ్మని కాల్చడం మొదలెట్టింది. ఒళ్ళు కాదు, కడుపు మండిపోయింది. అన్నం సయించడం మానేసింది.

ఆవేళ పొద్దున్నే రాజుగారు కుర్చీలోంచి పిలిచేరు.

"ఎలీసమ్మా, పెద్దదానివైపోయేవు. పందిట్లోకొచ్చి కూర్చో."

ఆమె లేచింది. ఎన్నో ఏళ్ళుగా పక్కనే కొడుతున్న వీరాయమ్మ తల దించుకుంది. అది చూసి ఎలీసమ్మ కాళ్ళు ఆగిపోయాయి.

"నాకొక్కదానికే అయితే వద్దండి."

"మరేం కావాలి, రాజ్యమా?"

"ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం ఏంటండి? కాలవ నీళ్ళకి వంతులున్నాయి కదండీ. మీ చేనుకైనా వంతొచ్చేకే కదండీ నీరు. నీడకీ వంతులెట్టండి. ఓ పూట ఆళ్ళు, ఓ పూట మేం."

"పెట్టనంటే?"

ఎలీసమ్మ కర్ర కింద పెట్టింది. వీరాయమ్మా పెట్టింది. దొడ్డంతా చప్పుడాగిపోయింది. పందిట్లోంచి అల్లవరం దుర్గమ్మ లేచింది.

"పెద్దావిడ అన్నది నాయవేనండి. ఆళ్ళలా ఎండుతుంటే ఈ నీడ మాకూ ఒంటబట్టట్లేదండి" అంటూ తన కర్రా పడేసింది.

సాయంత్రానికి పీచు లారీ వచ్చేస్తుంది. రాజుగారు మీసం తడుముకున్నారు.

"సరే, అలాగే ఏడవండి!"

మధ్యాహ్నం పందిట్లో ఎలీసమ్మ మహారాణిలా కాళ్ళు జాపుకు కూర్చుని పీచు కొట్టింది. మర్నాడు పొద్దున్న తన వంతు ఎండలోకి నవ్వుకుంటూ వచ్చింది.

"ఏమే వీరాయమ్మా, ఇవాళ ఎండ చల్లగా ఉందేంటే?"

"ఆయ్, నాకూ అలాగే ఉంది వదినా!"

ఆ ఏడు తొలకరికి ముందే ఎలీసమ్మ నిద్రలో వెళ్ళిపోయింది. దొడ్డిలో వంతులు మాత్రం ఆగలేదు. ఆమె వంతొచ్చిన పూట పందిట్లో ఆ చోట ఎవరూ కూర్చోరు. చేతులు రాసిరాసి నున్నబడిన ఆమె కర్ర ఒక్కటే ఆ నీడలో ఉంటుంది.