తాళం వేయమన్నదెవరు

కుట్టు కార్ఖానాలో మంటలు లేచిన రోజు వెనక తలుపుకు తాళం వేసే ఉంది. లోపల పనిచేసే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కానీ విచారణ మొదలయ్యేసరికి తలుపు బార్లా తెరిచే ఉందని అందరూ చిలకపలుకుల్లా చెప్పడం నేర్చేసుకున్నారు. ఒక్క ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆమెకే ఆ మాట నోట్లోంచి రాలేదు.

నిజానికి ఆ అబద్ధం అందరికన్నా ఎక్కువగా ఆమెకే అవసరం. తాళం వేసింది ఆమె మొగుడు. కార్ఖానా కాపలాదారు అతనే. గుడ్డలు దొంగతనంగా బయటికి పోతున్నాయి, వెనక తలుపు మూసేయమని ఓనరు చెప్పినప్పుడు ఆమె అక్కడే నిలబడి కాలర్లు నొక్కుతోంది. ఏదైనా ప్రమాదం జరిగితే ఎలాగండీ అని మొగుడు నసిగాడు. నోట మంచిమాట రానీయవయ్యా అని ఓనరు నవ్వాడు. పక్కనున్న సూపర్‌వైజరూ నవ్వాడు. ఓనరు తాన అంటే తందానా అనడం తప్ప వేరే పని లేదని ఆడవాళ్లంతా అతనికి చాటుగా తందానా అని పేరు పెట్టుకున్నారు.

మంటలు లేచినప్పుడు కాపలాదారు ముందువైపు వ్యానులోకి మూటలు ఎక్కిస్తున్నాడు. మిగతావాళ్లు ముందు మెట్ల మీదుగా పడుతూ లేస్తూ బయటపడ్డారు. వెనక గదిలో గుండీలు కుట్టే పిల్లకే దారి లేకపోయింది. అతను చుట్టూ తిరిగి పరుగెత్తుకెళ్లి తాళం తీసేసరికి ఆ పిల్ల తలుపుకు ఆనుకుని పడి ఉంది.

విచారణలో తప్పంతా ఆ పిల్ల మీదికే తోశారు. హీటరు మీద గుడ్డలు వేసింది ఆమేనట, బయటికొచ్చి ఫోను కోసం మళ్లీ లోపలికి పోయిందట. ఆ మాట విన్నాక ఆ పిల్ల తల్లి ఇస్త్రీ ఆమె ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెల్లీ, తలుపు తీసే ఉంటే దానిదాకా వచ్చిన నా కూతురు బయటికెందుకు రాలేదు?"

ఇస్త్రీ ఆమె నోరు మెదపలేకపోయింది. కానీ ఆవిడ వెళ్లిపోగానే, కోర్టులో ఉన్నదున్నట్టు చెబుతానని మొగుడితో అంది. అది ముందు తన మెడకే చుట్టుకుంటుందని అతను తల పట్టుకున్నాడు. వేయమన్నదెవరో కూడా చెబుతాను కదా అని ఆమె ధైర్యం చెప్పింది. ఆ ధైర్యం ఆమెకు నిజంగానే ఉంది. పూర్తి నిజం చెబితే దేవుడు చేయి వదలడని చిన్నప్పటినుంచీ నమ్మిన మనిషి.

వాళ్లు వెళ్లే ప్రార్థనా మందిరానికి ఓనరే సంఘపెద్ద. అందుకని సంగతి తెలియగానే పాస్టరు వాళ్ల ఇంటికొచ్చాడు. గొడవల్లేకుండా సమాధానంగా ఉండటమే దేవుడికి ఇష్టమని, పోయిన ప్రాణం ఎలాగూ తిరిగి రాదని, బతికున్నవాళ్ల అన్నం గురించి ఆలోచించమని మెత్తగా చెప్పుకొచ్చాడు.

ఆమె అంతా విని, "అయ్యగారూ, మొన్న ప్రసంగంలో మీరే చెప్పారు కదండీ" అంది. "న్యాయం కోసం నిలబడేవాడు ఒక్కడూ లేడని దేవుడే నివ్వెరపోయాడని."

"అది ఆ కాలం సంగతమ్మా" అని, ఇచ్చిన టీ సగంలోనే వదిలేసి పాస్టరు లేచాడు.

కోర్టులో ఓనరూ కాపలాదారూ ఇద్దరూ ముద్దాయిలే. ఆమె గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. తాళం ఉందని చెప్పింది. ఎవరు వేశారో, ఎవరు వేయమన్నారో, అప్పుడు ఎవరు నవ్వారో చెప్పింది. దిగి వచ్చి కూర్చున్నాక గుండెల మీంచి బరువు దించినట్టయింది. గుండీల పిల్ల తల్లి దూరం నుంచే ఆమెకు చేతులు జోడించింది.

భోజనాల తర్వాత ఓనరు తరఫు లాయరు లేచాడు. ఆమె మాట కాదంటాడేమో అనుకుంటే, నిజం చెప్పినందుకు కృతజ్ఞతలన్నాడు. వెంటనే తందానాను మళ్లీ పిలిపించాడు. పొద్దున తలుపు తెరిచుందన్న తందానా ఇప్పుడు మూసే ఉందన్నాడు. కునుకు తీయడానికి వీలుగా ఉంటుందని కాపలాదారే తాళం వేసుకునేవాడని, పాపం ఓనరుకు ఈ సంగతే తెలియదని తొణక్కుండా చెప్పాడు. ఆ వెనకే మిగతా ఆడవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు కొత్త పాఠం ఒప్పజెప్పారు. ఒక్కరూ ఆమె ముఖంలోకి చూడలేదు. పొద్దుటి మాట ఏమైందని జడ్జి ఎవరినీ అడగలేదు.

కాపలాదారుకు ఏడేళ్లు పడ్డాయి. ఓనరు చేతులు దులుపుకుని కారెక్కాడు. తలుపు మూసి ఉందన్న ఆమె మాట నమ్మదగినదని, మూయించింది ఓనరన్న మాట మాత్రం మొగుణ్ణి కాపాడుకోవడానికి అల్లిన కథని తీర్పులో రాశారు. ఒకే నోటితో, ఒకే ప్రమాణం మీద చెప్పిన రెండు మాటల్లో వాళ్లకు పనికొచ్చినదాన్ని ఏరుకుని, రెండోదాన్ని పారేశారు.

కోర్టు మెట్ల దగ్గర ఆమె గుండీల పిల్ల తల్లి చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ చెయ్యి లాగేసుకుంది.

"నీ మొగుడేగా చంపింది. ఆ రోజు ఇంటికొస్తే ఒక్క ముక్కయినా చెప్పావా?"

ఆ తర్వాత ఏ కార్ఖానాలోనూ ఆమెకు పని దొరకలేదు. ఇంట్లోనే వీధివాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తోంది. మందిరానికి మాత్రం మానలేదు. ఆమె కూర్చున్న బల్ల మీద పక్కన ఎవరూ కూర్చోరు. ఓనరు వేదిక మీద నిలబడి, అనాథలకూ విధవరాళ్లకూ న్యాయం తీర్చే దేవుడి గురించి చదువుతుంటే అందరితో పాటు తల వంచుకుని వింటుంది. చూస్తున్నావా అని లోలోపల అడుగుతుంది. జవాబేమీ వినిపించదు.

ఒకసారి జైలుకు వెళ్లినప్పుడు పై కోర్టు సంగతి ఎత్తింది. తందానా కాళ్లావేళ్లా పడదామని వెళ్తే ఇంట్లో లేడని పెళ్లాంతో చెప్పించాడంది. మొగుడు ఇనుప జాలీ అవతల తల అడ్డంగా ఊపాడు.

"ఇక తిరక్కు. నేను తాళం తీస్తుంటే లోపల్నుంచి తలుపు బాదుతున్న చప్పుడు ఆగిపోయింది. నాకు పడిన శిక్ష ఎక్కువేం కాదు. ఓనరుకు ఏమీ పడకపోవడమే..." అని ఆగిపోయాడు.

"నేను అబద్ధమాడి ఉంటే నువ్వు ఇంట్లో ఉండేవాడివి."



"ఉండేవాణ్ణి" అన్నాడు అతను.

నువ్వు మంచిపనే చేశావని మాత్రం అనలేదు. టైమైందని వార్డరు కేకేశాడు. ఈసారి వచ్చేటప్పుడు ఏం తెమ్మంటావని ఆమె అడిగింది. సబ్బు తెమ్మన్నాడు.