బయ్యన్న బోరు నీళ్లు

శింగనమల దగ్గరి ఆ ఊళ్లో బయ్యన్న ఇంటి పక్క పోర్షన్‌లో అద్దెకు దిగినప్పుడు అందరూ సువర్ణను అదృష్టవంతురాలన్నారు. ఎండాకాలంలో ఊరి కుళాయి దగ్గడం తప్ప నీళ్లివ్వదు. బయ్యన్న బోరు మాత్రం ఎండదు. ఆ బోరు నుంచి సువర్ణ తొట్టికి ఒక పైపు వేసి ఉంది.

ఊరి ఆసుపత్రిలో నర్సుగా సువర్ణది మంచి హస్తవాసి అని పేరు. ఆ పేరే ఆమె కొంప ముంచింది. డ్యూటీ దిగి యూనిఫాం మార్చుకోకముందే ఎవరో ఒకరు సూదిమందు పట్టుకుని గడపలో నిలబడేవారు. ఇంట్లో సూది వేయనని అందరినీ తిప్పి పంపేది. బయ్యన్న తల్లి తిప్పమ్మ కాలిపుండుకు చీము పట్టేదాకా ఆ మాట బాగానే చెల్లింది.

"ఆర్ఎంపీ రాసిచ్చినాడు సిస్టరమ్మా. మందు తెచ్చినా. నీ చేత్తో వేసెయ్," అన్నాడు బయ్యన్న.

"ఇంట్లో వద్దన్నా. ఈ మందు కొందరికి పడదు. పడకపోతే ఊపిరాడదు. దానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉండాది. అవ్వను ఆడికి తీసుకపోదాం."

"మా యమ్మ యాడికీ రాదు. ఇంటి మనిషి మాదిరి చూసుకుంటాంటే మాకే రూల్సు చెప్తావా?"

మర్నాడు పైపులో చుక్క రాలేదు. మోటారు కాలిపోయిందన్నాడు బయ్యన్న. గోడవతల అతని గేదెలు మాత్రం సుఖంగా స్నానాలు చేస్తున్నాయి. సువర్ణకు ఒళ్లు మండింది.

భర్త హరినాథ్ పొలాల వెంబడి తిరిగి బిందెలు మోశాడు. కొన్నాళ్లకు అతని భుజం కమిలిపోయింది.

"ఒక్క సూదే కదా సువర్ణా. వేసి రాపో. ఎవరు చూస్తాండారు?"

ఆ భుజం చూసి ఆమె మెత్తబడింది. సాయంత్రం పక్కింటికి వెళ్లింది. గుమ్మంలో ఆమెను చూడగానే బయ్యన్న పరుగున పోయి మోటారు వేశాడు. కాలిపోయిన మోటారు చక్కగా తిరిగింది. గోడవతల తన తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడుకు సువర్ణ సిగ్గుతో చితికిపోయింది.

మందు కలిపి సిరంజిలోకి లాగింది. తిప్పమ్మ చెయ్యి దూదితో తుడిచింది. ముసలమ్మ నిశ్చింతగా కళ్లు మూసుకుంది.

"నువ్వు వేస్తే నాకేమీ కాదులే తల్లీ."

ఆ మాటకు సూది దించబోతున్న సువర్ణ ఆగింది. ఈ నులక మంచం మీద ఈమెకు ఊపిరి అందకపోతే తన దగ్గరేముంది? మంచి పేరు తప్ప మరేమీ లేదు. సిరంజి పక్కన పెట్టేసింది. లేచి వెళ్లి మోటారు తనే ఆపేసింది.

"ఆటో పిలువన్నా. అవ్వ పక్కన నేను కూచుంటా. ఆసుపత్రిలో నా చేత్తోనే వేస్తా."

బయ్యన్న మొహం నల్లబడింది. ఆగిపోయిన మోటారు వైపు, కాలి పుండు మీద ముసురుతున్న ఈగల వైపు చూశాడు.

"పిలుస్తా. నువ్వు మాత్రం మా ఇల్లు ఖాళీ చెయ్యల్ల."

గోడవతల నుంచి హరినాథ్ కేకేస్తున్నాడు, నీళ్లు ఆగిపోయినాయేమని.

"చేస్తాం అన్నా," అంది సువర్ణ, తిప్పమ్మ వీపు కింద చెయ్యి వేసి లేపుతూ. "ముందు ఆటో పిలువు."