కంబళి కావలి

కుప్పయ్య తన ముసలి కుక్క సింగడి చెవి మడతపెట్టి లోపలి గోమార్లు ఏరుతున్నాడు. ఏరినదాన్నల్లా రాయి మీద గోటితో నలిపేస్తున్నాడు. తన వంతు ఎప్పుడొస్తుందా అని పడుచు కుక్క చుక్క ముందే తల వంచుకుని కూర్చుంది. కుక్కల్ని బస్సు ఎక్కనివ్వరు కాబట్టి ముగ్గురూ పూతలపట్టు నుంచి చీకటితోనే బయలుదేరి చిత్తూరుకు నడిచి వచ్చారు. సంత మైదానంలో మైకు గరగరమంటోంది.

సింగడి మూతి తెల్లబడింది. ఎడమ కంటికి పొర కమ్మింది. అయితేనేం, మందకు కుడిపక్క ఇప్పటికీ వాడే. ఎడమపక్క చుక్క.

ఈ మందకుక్కల పందెం పశువుల డాక్టరు సంపత్కుమార్ తలకెక్కిన పిచ్చి. ఏదో దేశంలో ఇలాంటివి పెడతారని పుస్తకంలో చదివాడట. పది గొర్రెల్ని మైదానం ఆ చివర వదులుతారు. మనిషి సున్నంతో గీసిన గిరిలోనే నిలబడాలి. అక్కడి నుంచి ఈలలతో, కేకలతో కుక్కల చేత గొర్రెల్ని తోలించి తడికెల దొడ్డిలో పెట్టించాలి. ఉగాదికి పూతలపట్టులో మొదటి పందెం పెట్టినప్పుడు జనం ఇదేం చోద్యమని నవ్వారు. అందులో కుప్పయ్య గెలిచాడు. టీ అంగడివాడు పిలిచి మరీ టీ ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలిచి కూర్చోమన్నది లేదు. వానలు వెనకపట్టాక పలమనేరులో పెట్టారు. అక్కడ గుడియాత్తం దారి పల్లెకు చెందిన ఏకాంబరం గెలిచాడు. ఇవాళ చిత్తూరులో ఆఖరిది. గెలిచినవాడికి ప్రభుత్వ ఫారం నుంచి పది గొర్రెలు, ఒక పొట్టేలు.

ఆ గొర్రెల మీదే కుప్పయ్య ప్రాణమంతా ఉంది. కరువు ఏడాది బొబ్బరోగం వచ్చి సొంత మంద తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత మునిరత్నం గొర్రెల్ని కూలికి కాశాడు. దీపావళి దాటగానే మునిరత్నం బోరు వేయించి చెరకు పెట్టుకున్నాడు, మందను కసాయికి తోలేశాడు. పెళ్లాం గురవమ్మ రేణిగుంటలో కూతురింటికి వెళ్లిపోయింది. అల్లుడు వెంకటముని అక్కడ గోదాములో కావలి పని చూసిపెట్టాడు. గోదాము వెనకే గది ఇస్తారు. కుక్కలు మాత్రం కూడదన్నారు.

వెంకటముని పొద్దున్నే చిత్తూరు వచ్చి, సంచీ చంకన పెట్టుకుని చెట్టుకింద కూర్చుని ఉన్నాడు.

"గెలిస్తే ఈడనే ఉంటా. లేకుంటే నీ యెంబడి వస్తా," అని కుప్పయ్య అతనితో ముందే అనుకున్నాడు.

మైకులో పేరు పిలిచారు. కుప్పయ్య లేచి, కంబళి భుజాన వేసుకుని నడిచాడు. గిరి దగ్గర డాక్టరు ఎదురొచ్చాడు.

"నువ్వు కంబళి ఊపి కుక్కలకు సైగలు చేస్తున్నావని కమిటీలో ఎవరో అన్నారు కుప్పయ్యా. అదొక్కటి తీసేసి వెళ్లు."

"అట్లనే సామీ."

కుప్పయ్య కంబళి తీసి, నాలుగు మడతలు వేసి, గిరి బయట గడ్డి మీద పెట్టాడు. లోపలికి వెళ్లి నిలబడి ఈల వేశాడు. చుక్క బాణంలా దూసుకుపోయింది. సింగడు నింపాదిగా వెళ్లి కంబళి మీద కూర్చున్నాడు.

కుప్పయ్య మళ్లీ ఈల వేశాడు. సింగడు కదల్లేదు.

కుక్కకు నేర్పాల్సింది ముందుగా ఇదొక్కటే అని నాయన చెప్పేవాడు. కంబళి నేల మీద పెట్టి వెళ్లావంటే, నువ్వే వచ్చి ఎత్తేదాకా కుక్క అక్కడి నుంచి కదలకూడదు. సింగడు కుర్రతనంలోనే అది నేర్చాడు. ఒకసారి గుట్ట మీద కుప్పయ్యకు చలిజ్వరం కమ్ముకొస్తే దారినపోయేవాళ్లు మోసుకుని దించారు. కోలుకుని గుట్టెక్కి చూస్తే, డొక్కలు అంటుకుపోయి సింగడు కంబళి మీదే ఉన్నాడు. ఆ సంగతి కుప్పయ్య ఊరంతా చెప్పుకుని మురిశాడు. కంబళి ఎత్తకుండా వాణ్ని లేపే మాట మాత్రం ఎన్నడూ నేర్పలేదు. అవసరం ఎప్పుడొచ్చింది గనక?

"సింగా, పోరా. మందకాడికి పో."

సింగడు చెవులు నిక్కించాడు. లేచాడు. చుట్టూ తిరిగి మళ్లీ కూర్చున్నాడు. డాక్టరు మనిషి ఒకడు కంబళి లాగబోతే పళ్లు చూపించాడు. ఆ మనిషి ఎగిరి వెనక్కి దూకాడు. జనం పడీపడీ నవ్వారు. గిరి దాటితే ఓడినట్టే. కుప్పయ్యకు అడుగుదూరంలో కంబళి ఉంది.

చుక్క ఒక్కతే గొర్రెల్ని దొడ్డి దగ్గరిదాకా తెచ్చింది. అక్కడ ఒక ఎర్ర గొర్రె కుడిపక్కకు చీలింది. దాని వెంట మిగతావీ చీలి బొరుగుల అంగళ్లలో పడ్డాయి. అది సింగడి పక్క. సింగడు కుయ్‌కుయ్‌మన్నాడు. ముందుకాళ్లు గడ్డి మీదికి చాపాడు, వెనకకాళ్లు మాత్రం కంబళి మీదే ఉంచాడు. వాణ్ని తిట్టడానికి కుప్పయ్యకు నోరు రాలేదు. తాను చెప్పిందే గదా వాడు చేస్తున్నాడు. కుప్పయ్య గిరి దాటి వచ్చి కంబళి ఎత్తి భుజాన వేసుకున్నాకే వాడు లేచాడు.

తర్వాత ఏకాంబరం కుక్కలు గొర్రెల్ని తిన్నగా తెచ్చి దొడ్డిలో పెట్టాయి.

"వచ్చే ఏడు చూద్దాంలే కుప్పయ్యా," అన్నాడు డాక్టరు.

"వచ్చే ఏటికి నా కాడ కుక్కలుండవు సామీ."

పొద్దు వాలుతోంది. ఏకాంబరం వారం రోజులు మైదానంలోనే ఉండి, డాక్టరు చేత సూదులు వేయించి, ఫారం గొర్రెల్ని తోలుకుపోతాడు. కుప్పయ్య చుక్క మెడకు తాడు కట్టి అతని చేతికిచ్చాడు.

"సిన్నది. నాలుగు దినాల్లో మరిసిపోతాదిలే."

"పెద్దోడి సంగతి ఎట్లన్నా?"

"కట్టేస్తే తాడు కొరికేస్తాడు. బస్సు యెంబడి పరిగెత్తి యాడో రోడ్డు మీద సస్తాడు."

కుప్పయ్య భుజం మీది కంబళి తీశాడు. ఏకాంబరమూ గొర్రెలు కాసే మనిషే. చూడగానే అర్థమైంది.

"వద్దన్నా. వానికట్ల సేయద్దు."

"ఏం సేసేదబ్బా? నాకు తెలిసింది ఇదొక్కటే. రోజూ ఇంత సంగటి పెట్టు. నీ సేతి కూడుకు అలవాటు పడితే, అప్పుడు నువ్వు ఎత్తి సూడు."

"తినకుంటే?"

కుప్పయ్య వంగాడు. కంబళి నేల మీద పెట్టి, మడతలు సరిచేశాడు. సింగడు తోక ఊపుతూ వచ్చి, దాని మీద ఒకసారి చుట్టు తిరిగి కూర్చున్నాడు. పని అప్పజెప్పినప్పుడు ఎప్పుడూ చూసినట్టే నమ్మకంగా కుప్పయ్య ముఖంలోకి చూశాడు. కుప్పయ్య వాడి తల తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాకితే ఇక వెళ్లలేడు.

"మామా, బస్సు పోతాది," అన్నాడు వెంకటముని.

కిటికీ పక్కన కూర్చున్నాక కుప్పయ్యకు వణుకు పట్టింది.

"సలేస్తా ఉండాదా? కంబళి యాడ మామా?"

కుప్పయ్య చెయ్యి ఊరికే భుజం తడుముకుంది. బస్సు మైదానం పక్కగా మళ్లింది. గొర్రెలకు దూరంగా ఎండుగడ్డి మీద నల్లటి కంబళి కనబడింది. గాలికి దాని అంచు లేస్తుంటే సింగడు కాలు పెట్టి అదుముతున్నాడు.