దారి పాట

బాలమల్లుకు చిన్నప్పటి నుంచీ నత్తి. కోపం వచ్చినా దుఃఖం వచ్చినా అది మరీ ఎక్కువయ్యేది. అందుకే తన ఊరు పాల్మాకులలో ఆయన నలుగురిలో నోరు విప్పగా చూసినవాళ్ళు తక్కువ. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు పోగుచేసే పనికి మాటలతో అవసరం లేదు కాబట్టి దాన్ని ఇష్టంగానే చేసేవాడు.

2012 వానాకాలంలో ఆయన భార్య శివమ్మ చనిపోయింది. ఊరి శ్మశానం బొందలగడ్డకు పోయే బాటకు అడ్డంగా అప్పటికే ప్లాట్లు అమ్మే ఒక వెంచర్ వాళ్ళు ప్రహరీ కట్టారు. పాడెను తుమ్మకంపల్లోంచి, మోకాలిలోతు బురదలోంచి మోసుకుపోవాల్సి వచ్చింది. ఒకచోట కాళ్ళు జారి పాడె ఒరిగిపోయింది. శివమ్మ చెయ్యి బురదకు తగిలింది.

నెల తర్వాత మండలాఫీసరు ఊళ్ళో మీటింగు పెడితే బాలమల్లు లేచి నిలబడ్డాడు.

"మా దా... దా... దా... దారి మూసిండ్రు సారూ. నా పెండ్లాం శ... శవాన్ని బురదల పడేసుకుంట తీస్కపోయిన."

ఆ కాస్త చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు రాసుకున్నాడు. లోకల్ కేబుల్ చానల్ వాళ్ళు వీడియో తీసి సాయంత్రం వార్తల్లో చూపించారు, తర్వాత నెట్‌లో పెట్టారు.

దసరా వెళ్ళాక ఒకరోజు డ్యూటీకి పోతుంటే, శంషాబాద్‌లో పెళ్ళి బరాత్ అడ్డమొచ్చి బాలమల్లు ఎక్కిన బస్సు ఆగింది. డీజే బండి మీంచి ఆయనకు తన గొంతే వినిపించింది. "దా దా దా దారి" అని నాలుగుసార్లు, మధ్యలో తీన్మార్ దెబ్బ, మళ్ళీ నాలుగుసార్లు. శవం మాట లేదు, బురద మాట లేదు. పెళ్ళికొడుకు కూడా దిగి ఎగురుతున్నాడు. వారం తిరిగేసరికి తోటి పనివాళ్ళ ఫోన్లు అలాగే మోగసాగాయి.

ఆయన కూతురు అనుపమ డిగ్రీ చదువుతోంది. తండ్రిని వెంటబెట్టుకుని, ఆ పాట చేసిన నవీన్‌కుమార్ డీజే షాపుకు పోయింది. నవీన్ కుర్చీలు వేసి చాయ్ తెప్పించాడు.

"తప్పుగ అనుకోకు కాకా. నీ పేరు యాడ పెట్టలే. బీట్ మంచిగ కుదిరింది, గంతే."

"మా అమ్మ సచ్చిపోయిన ముచ్చట అన్నా అది," అంది అనుపమ.

"ఆ ముక్క కట్ చేసిన గదా," అన్నాడు నవీన్, మేలు చేసినవాడిలా.

"జర తీసెయ్యన్నా."

"నేను చానల్ వీడియోలకెల్లి తీస్కున్న. తీసెయ్యాల్నంటే ఆళ్ళు చెప్పాలె. మీరెట్ల చెప్తరు?"

అనుపమ నెట్ సెంటర్లో కూర్చుని, నవీన్ ఆ పాట పెట్టిన వెబ్‌సైటుకు ఫిర్యాదు రాసింది. వీడియో హక్కుదారు మీరేనా అని జవాబు వచ్చింది. అందులో గొంతు మా నాన్నదని రాసింది. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది.

చివరికి చానల్ ఆఫీసుకు పోయింది. మేనేజరు రామచంద్రయ్య అంతా విన్నాడు.

"ఆ వీడియో మాదమ్మా. మమ్మల్ని అడక్కుండా ఎలా వాడుకుంటాడు? తప్పకుండా తీయించేస్తాం, మీరు వెళ్ళండి."

అనుపమ దండం పెట్టి వచ్చింది. నాలుగోరోజుకు పాట నెట్‌లోంచి పోయింది. బాలమల్లు కూతురి తల మీద చెయ్యి వేసి నిమిరాడు.

రెండు వారాలకు అదే పాట చానల్ సొంత పేజీలో ప్రత్యక్షమైంది. ముందు ప్రెషర్ కుక్కర్ ప్రకటన, మూలన చానల్ గుర్తు. ఈసారి బాలమల్లు ముఖం కూడా ఉంది. ఏడుపు ఆపుకుంటున్న పెదాలు దరువుకు తగ్గట్టు ముందుకూ వెనక్కూ ఆడుతున్నాయి. అనుపమ ఫోన్ చేస్తే, "హక్కులు మావే కదమ్మా," అన్నాడు రామచంద్రయ్య మర్యాదగా.

మర్నాడు నవీన్ బాలమల్లు ఇంటికి వచ్చాడు.

"నా పాట కొట్టేసిండ్రు కాకా. నెలరోజులు కష్టపడి చేసిన. కేసు ఏస్త, నువ్వొచ్చి గవాయి చెప్పాలె."

బాలమల్లు అతని వైపు చూశాడు. "నీ... నీ పాటనా?" అని లోపలికి పోయాడు.

జనవరిలో ఆఫీసరు మళ్ళీ ఊరికి వచ్చాడు. దారి సంగతి చెప్పమని సర్పంచ్ పిలిస్తే బాలమల్లు నిలబడ్డాడు. నోరు తెరవకముందే వెనక వరసలోంచి ఎవరో "దా దా" అన్నారు. నవ్వులు లేచాయి, ఫోన్లు పైకి లేచాయి. ఆఫీసరు నవ్వు బిగబట్టుకుని, "ఆ పాట మీదేనా?" అని అడిగాడు. బాలమల్లు కూర్చున్నాడు. అనుపమ లేచి జరిగిందంతా గడగడా చెప్పింది. ఆఫీసరు కాగితం రాసిమ్మన్నాడు. రాసిచ్చింది. ఆ కాగితానికి జవాబు రాలేదు.

ఆ తర్వాత బాలమల్లు మాట్లాడటమే మానేశాడు. డ్యూటీలో సైగలు, ఇంట్లో సైగలు.

"నాతోనన్న మాట్లాడు బాపు," అంది అనుపమ ఒక పొద్దున, కాలేజీకి బయల్దేరుతూ.

ఆయన ఆమె చేతిలోని ఫోన్ చూశాడు. ఆమె దాన్ని ఆపేసి, బయట అరుగు మీద పెట్టి వచ్చింది. బాలమల్లు లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నే... నేను మీ అమ్మ గురించి చెప్పిన బిడ్డా," అన్నాడు. "గ... గదొక్కటే చెప్పిన."

అనుపమ ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని ఎదురుచూసింది. కాలేజీ బస్సు వెళ్ళిపోయింది.